సున్నపు బట్టీల ఊరిలో కొలవని ఊపిరి

గుంటూరు నుండి సత్తెనపల్లి, కొండమోడుల మీదుగా హైదరాబాదునకు పోవువారికి పిడుగురాళ్ల దగ్గర పడినదని తెలియుటకు మైలురాయితో పనిలేదు. దారికి ఇరుప్రక్కల నున్న వేపలును తుమ్మలును తమ పచ్చదనమును దాచుకొని, విభూతి పూసికొన్న బైరాగులవలె నిలిచియుండుటయే చాలును. పల్నాటి నేలపొరలలో యుగయుగములుగ పేరుకొనిన సున్నపురాయి ఈ యూరికి కూడు పెట్టినది, సున్నపు నగరమను బిరుదము తెచ్చినది. ఆ రాతిని తవ్వు క్వారీలు, నలుగగొట్టు క్రషర్లు, కాల్చు బట్టీలు, పిండిచేయు ముగ్గు మిల్లులు ఎన్ని సంసారములను నడుపుచున్నవో లెక్క కట్టుట కష్టము. ఆ సంసారములలోని పెద్దల ఊపిరి ఎంత మిగిలియున్నదో లెక్క కట్టుట అంతకంటె కష్టము. ఈ రెండవ లెక్క లేకపోవుటచేత టీకాల విషయమున వచ్చిపడిన చిక్కును గూర్చియే ఈ వ్యాసము.

బట్టీలో జరుగు రసాయనక్రియ చిన్న తరగతి పాఠ్యపుస్తకములోనిదే. పైనోటి నుండి రాతిని, బొగ్గును పొరమీద పొరగా పోసి 900 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడిన వేడిమిలో కాల్చగా, స్వచ్ఛమైన రాతి బరువులో నూటికి 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోవును. తక్కిన 56 పాళ్లు రాతిసున్నమై అడుగునోటికి దిగును. తలకును ముక్కుకును తువాలు చుట్టుకొని, కన్నులు మాత్రమే వెలికి కనబడునట్లు నిలిచి, పారతో ఆ సున్నమును బయటికి లాగు కూలివానిని చూచినవారికి ఆ పనిలోని వేడిమియు బరువును తెలియును గాని, నీరు తగిలినంతనే కుతకుతలాడు ఆ పదార్థము చెమట పట్టిన మెడపైనను, ఎల్లప్పుడు తడిగనుండు గొంతు పొరలపైనను అదే స్వభావమును చూపునని వెంటనే స్ఫురింపదు. తువాలు రవ్వలను ఆపును, నుసిని ఆపలేదు. మిల్లీమీటరులో నూరవవంతుకు లోబడిన ధూళి ముక్కును, కంఠమును దాటి శ్వాసనాళములలోనికి చొరబడును. అందులోను నాల్గవవంతుకు లోబడిన సూక్ష్మధూళి ఊపిరితిత్తుల కొనలనున్న గాలితిత్తులదాక పోయి తిష్ఠ వేయును.

ఐనను బట్టీ యొక్కదానినే దోషిగ నిలబెట్టుట న్యాయము కాదు. పొగాకు పంటకు పెట్టినది పేరైన గుంటూరు సీమలో, పొగాకు బోర్డునకు సైతము 1976 నుండి గుంటూరే నిలయమైన ఈ సీమలో, బీడీయు చుట్టయు ఎరుగని మగవాని పెదవులు గత తరమున అరుదు. ఏనాడును పొగ త్రాగని ఆడవారు పత్తి తీసిన పిదప చేలో మిగిలిన కట్టెను మోసుకొని వచ్చి, కిటికీ లేని వంటింటిలో ఏండ్ల తరబడి దానినే పొయ్యిలో పెట్టిరి. జిన్నింగు మిల్లులలో గాలినిండ దూది నుసి. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడిన భారతదేశపు వ్యాధిభార గణన ప్రకారము, దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధి గలవారు 1990లో 2 కోట్ల 81 లక్షలుండగా 2016 నాటికి 5 కోట్ల 53 లక్షలైరి. ఆ వ్యాధిభారములో నూటికి 54 పాళ్లు వాయుకాలుష్యమునకు, 25 పాళ్లు పొగాకునకు, దాదాపు 17 పాళ్లు వృత్తిలోని ధూళికిని పొగకును చెందునని ఆ పండితులు తేల్చిరి. మన దేశమున ఈ వ్యాధికి ధూమపానమే మూలమనుకొనుట పాశ్చాత్యుల పుస్తకములు చదివి మనము తెచ్చుకొన్న అలవాటు.

మిరప సీమలో ఇంకొక విచిత్రము కలదు. కోతలు మొదలైన జనవరి నుండి కల్లములలో కాయ ఆరినంత కాలము దగ్గనివాడెవ్వడు? మిరపలోని ఘాటుపదార్థము గొంతులోని నరముల కొనలను తాకి దగ్గును రేపును; ఆ తాకిడిని అందుకొను గ్రాహకమును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ దగ్గు కల్లము దాటి ఇంటికి రాగానే తగ్గును, దానివలన ఊపిరితిత్తులు చెడవు. కాని ఊరంతయు దగ్గుచున్నప్పుడు ఒక ముసలివాని దగ్గు ఎవరి చెవిని పడును? మిరప ఘాటని కొన్నాళ్లు, బట్టీ దుమ్మని కొన్నాళ్లు, వయసు మీద పడినదని కొన్నాళ్లు సరిపెట్టుకొని, ఇంటి నుండి బజారుకు పోవుచు నడుమ రెండు మారులు అరుగు మీద కూర్చుండవలసి వచ్చినప్పుడు గాని ఆ పెద్దాయన వైద్యుని గడప త్రొక్కడు. అప్పుడును ఆర్ఎంపీ వేయు డెరిఫిలిన్ సూదితో ఆ రాత్రికి కొంత ఊరట దొరకును. వ్యాధికి పేరు మాత్రము దొరకదు.

పేరు దొరకకపోవుట వలన వచ్చిన నష్టము కోవిడు కాలమున బయటపడినది. 2021 జనవరి 16న మన దేశమున టీకా కార్యక్రమము వైద్యసిబ్బందితో మొదలై, మార్చి 1 నుండి 60 ఏండ్లు నిండినవారికందరికిని, 45 నుండి 59 ఏండ్ల మధ్యవారిలో నిర్ణీత వ్యాధులున్నవారికిని విస్తరించినది. ఆ నిర్ణీత వ్యాధులు ఇరువది. వానిలో శ్వాసకోశ వ్యాధికి చోటు కలదు గాని, ఆ చోటికి గట్టి గడప యొకటి కట్టిరి: గత రెండేండ్లలో ఆ వ్యాధితో ఆసుపత్రిలో చేరియుండవలెను, లేదా ఊదుడు పరీక్షలో మొదటి సెకనున వెలువడు గాలి ఉండవలసినదానిలో సగమునకు తక్కువై యుండవలెను, పైగా రిజిస్టరైన వైద్యుడు సంతకము చేసిన ధ్రువపత్రము చూపవలెను. నాడు టీకాలు కొరతగా నుండెను, ఎవరికి ముందు ఎవరికి వెనుక అను నిర్ణయము తప్పనిసరి. ఆ గడపను కట్టినవారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. కాని ఇరువది ఏండ్లు బట్టీ అడుగున సున్నము లాగి 52వ ఏట మంచమునకు అతుక్కుపోయిన మనిషి, ఏనాడును గొట్టములోనికి ఊదియుండలేదు గనుక, ఆ పట్టికలో ఎక్కడను లేడు. ఏప్రిల్ 1న వ్యాధి నియమము తొలగి 45 దాటిన వారందరును అర్హులగునంతవరకు ఆయన ఆరోగ్యవంతుల వరుసలోనే నిలిచియుండెను.

మూడవ మోతాదు వచ్చినప్పుడు కథ మరియొక తీరున నడచినది. దానికి బూస్టరనక ప్రభుత్వము ముందుజాగ్రత్త మోతాదని పేరు పెట్టి, 2022 జనవరి 10న 60 దాటి ఇతర వ్యాధులున్నవారికి మొదలుపెట్టినది. రెండవ మోతాదునకు తొమ్మిది నెలల ఎడము. ఈ మారు ధ్రువపత్రము అక్కరలేదనిరి, వైద్యుని సలహా తీసికొనిన చాలుననిరి. మార్చి 16న వ్యాధి నియమమే పోయి 60 దాటుట ఒక్కటే అర్హత ఐనది. ఇక అరువదికి లోపలివారికి ఏప్రిల్ 10 నుండి అనుమతి వచ్చినది, ఐతే ప్రైవేటు కేంద్రములలో మాత్రమే: టీకా ధర 225 రూపాయలు, సేవారుసుము 150 రూపాయలకు మించరాదు. 375 రూపాయలు పట్టణములోని ఉద్యోగికి లెక్కలోనిది కాదు. రోజుకూలివానికి, అందులోను జ్వరము వచ్చి మరునాటి పని పోవునేమోయని వెరచువానికి, అది లెక్కలోనిదే. జులై 6న ఎడమును ఆరు నెలలకు తగ్గించి, 15 నుండి పెద్దలందరికి ఉచితముగ వేసిరి; ఆ గడువు సెప్టెంబరు 30తో ముగిసినది. అప్పటికి జనులకు కోవిడు భయమును తీరినది, సూది మీది ఆసక్తియును తీరినది.

ఈ వరుసను జాగ్రత్తగ చూచినచో ఒకటి స్పష్టమగును. అర్హతను నిర్ణయించుటకు రెండే కొలబద్దలు గలవు, వయసును వ్యాధియును. వయసు ఆధారు కార్డుపై అచ్చయియుండును, దానిని ఎవ్వరైనను చూపగలరు. వ్యాధిని చూపవలెనన్న ముందు దానిని ఎవరో ఒకరు కొలిచియుండవలెను. కొలుచుటకు వీలులేని చోట వ్యాధిని కొలబద్దగ పెట్టుట యనగా, చదువు నేర్చి పట్టణమున నున్న రోగికి తలుపు తీసి, పల్లెలోని రోగికి మూయుటయే.

ఆ కొలుచు యంత్రము క్రొత్తది కాదు. 1846లో జాన్ హచిన్సన్ అను ఆంగ్ల వైద్యుడు నీటి తొట్టిలో బోర్లించిన గంటవంటి పాత్రలోనికి రెండువేలకు పైబడిన మనుషులచేత ఊదించి, వారి వారి ఊపిరి నిలువను కొలిచి ప్రకటించెను. నేటి యంత్రము అరచేత పట్టునంత చిన్నది. మొదట మామూలుగను, పిదప నాళములను వెడల్పు చేయు మందు పీల్పించియు ఊదించి, మొత్తము వెలువడిన గాలిలో మొదటి సెకనున వెలువడిన భాగమెంతయని చూతురు. మందు పిదప కూడ అది నూటికి 70కి లోబడినచో నాళములు శాశ్వతముగ ఇరుకైనవని గుర్తు. ఉబ్బసములోవలె మందుతో విప్పారి మరల మామూలగు నాళములు కావవి. ఊపిరితిత్తుల వైద్యశాలలో ఆ పరీక్షను చూచినవారికి ఆ గది సద్దు మరపునకు రాదు. యంత్రము పట్టుకొన్న అమ్మాయి పెద్దాయన ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టము నోట బెట్టి, "గుండెల నిండా గాలి తీసుకో తాతా... ఇప్పుడు ఊదు! ఊదు, ఊదు, ఊదు, ఆపొద్దు, ఇంకా ఊదు!" అని పెద్దగ కేకలు వేయుచుండును. ఆయన ముఖము కందిపోవును, మెడ నరములు తేలును, నడుమనే దగ్గు తెర వచ్చిపడును. "ఆగమ్మా, దమ్ము చాలట్లేదు." "ఇంకొక్కసారి తాతా, ఇందాకటికంటే బాగా ఊదావు." కనీసము మూడు మంచి ఊదుళ్లు కుదిరిన గాని యంత్రము ఇచ్చు అంకెను నమ్మరాదు. రక్తము తీయని ఈ పరీక్షకు కావలసినదెల్ల ఓపికయు, ఊదించుట తెలిసిన మనిషియు. రక్తపోటు పట్టీవలె, చక్కెర చూచు పెట్టెవలె ఇది పల్లె ఆరోగ్యకేంద్రమున చేతికందునట్లు కనబడదు.

కనబడదు గాని, దానికి తొలిమెట్టు ఒకటి ప్రభుత్వమే వేసియున్నది. 30 ఏండ్లు దాటినవారి యిండ్లకు పోయి ఆశా కార్యకర్త నింపు సీబ్యాక్ పత్రములో ఆయాసము కలదా, రెండు వారములకు మించి దగ్గు కలదా యను ప్రశ్నలతోబాటు, వంటకు కట్టెలా, పంటకంపయా, పిడకలా, గ్యాసా యనియు, పొగ, ధూళి గల పరిశ్రమలలో పనిచేయుచున్నారా యనియు అడుగు గడులు గలవు. ఉదాహరణకు అందులో ఇటుక బట్టీలను, గాజు కర్మాగారములను పేర్కొనిరి. సున్నపు బట్టీ పేరు లేదు. ఐనను పిడుగురాళ్లలో ఆ గడిలో గుర్తు పెట్టుటకు సందేహింపవలసిన పనిలేదు. ఆ గుర్తు పడినవారిలో ఆయాసము గలవారిని ఏరి నరసరావుపేటకో, గుంటూరు పెద్దాసుపత్రికో ఊదుడు పరీక్షకు పంపగలిగిన నాడు, టీకా పట్టికలలోని వ్యాధి యను మాటకు ఇక్కడ అర్థమేర్పడును.

ఇంతకును, ఊపిరి చెడినవారికే ఈ సూదులేల ముఖ్యము? ఆరోగ్యవంతుని శ్వాసనాళముల లోపలి పొరపై కంటికానరాని సన్నని కేశములు ఎడతెగక అల్లాడుచు కఫమును, అందులో చిక్కిన ధూళిని, క్రిములను పైకి నెట్టుచుండును. ఏండ్ల తరబడి పొగయు నుసియు తగిలినచో ఆ కేశములు రాలిపోవును, కఫగ్రంథులు ఉబ్బును, గాలితిత్తులలో కావలి కాయు కణములు క్రిములను మ్రింగు శక్తిని చాలవరకు కోల్పోవును. అట్టి రొమ్ములో మామూలు జలుబు పుట్టించు వైరస్ సైతము ఆయాసమును ఉన్నపళముగ పెంచును. వైద్యులు ఉద్రేకమని వ్రాయు ఈ దాడి ఒకటి వచ్చిపోయినప్పుడెల్ల ఊపిరి నిలువలో కొంత భాగము తిరిగిరాకుండ పోవును. గుండెకును ముప్పే. కెనడాలోని ఆంటారియోలో జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, ఫ్లూ సోకిన మొదటి వారమున గుండెపోటు వచ్చు అవకాశము ఆరు రెట్లైనట్లు తేలినది. న్యుమోనియా టీకాలపై జరిగిన పరీక్షలనన్నిటిని కూర్చి 2017లో కోక్రేన్ పండితులు చేసిన సమీక్ష ప్రకారము, ఈ వ్యాధి గల ఎనమండుగురికి టీకా వేసిన ఒకరికి దాడి తప్పును. 21 మందికి వేసిన ఒకరికి నెమ్ము, అనగా న్యుమోనియా, తప్పును. ఈ అంకెలు అద్భుతములు కావు. కాని ఏటేట ఆసుపత్రి పాలగు ఇంటివారికి ఎనిమిదిలో ఒకటి యనునది చిన్నమాటయు కాదు.

నెమ్ముకు ముఖ్యకారణమైన న్యుమోకాకస్ అను క్రిమికి టీకా కనుగొనిన చరిత్ర సున్నపు బట్టీల యూరివారికి తమ యింటి కథవలె తోచదగినది. అది గనికూలీల మీద జరిగిన కథ. దక్షిణాఫ్రికా బంగారు గనులకు దూరదేశముల నుండి తెచ్చి, ఇరుకు కొట్టములలో కుక్కిన కూలీలు నెమ్ముతో గుంపులుగ చచ్చిపోవుచుండ, యజమానులు 1911లో ఆల్మ్రోత్ రైట్ అను ప్రసిద్ధ వైద్యుని పిలిపించిరి. ఆయన చంపిన క్రిములతో చేసిన టీకా వేలమందికి వేసెను. ఫలితము అస్పష్టము, ఏలయన ఈ క్రిమిలో అనేక జాతులున్నవనియు, ఒక జాతికి వేసినది మరియొక జాతికి పనిచేయదనియు నాటికింక తెలియదు. నేడు నూటికి మించిన జాతులు తెలిసినవి. పెన్సిలిన్ వచ్చిన పిదప ఇక టీకాలేల యని లోకము ఊరకుండగా, అమెరికాలోని రాబర్ట్ ఆస్ట్రియన్ మాత్రము మందు తీసికొనియు తొలి అయిదు దినములలోనే చచ్చిపోవు రోగుల సంఖ్య తగ్గలేదని పట్టుబట్టి, 1970ల నడుమ తిరిగి ఆ దక్షిణాఫ్రికా గనులకే పోయి పరీక్షించి, టీకాలోని జాతుల వలన వచ్చు నెమ్ములో ముప్పాతికకు మించి ఆగినట్లు చూపెను. 1977లో 14 జాతుల టీకా, 1983లో 23 జాతుల టీకా అట్లు వెలువడినవి. ఆ 23 జాతుల టీకాను అమ్మిన సంస్థలలో లెడర్లే యొకటి. భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940 నుండి 1948లో మరణించువరకు పరిశోధనలు నడిపినది అచ్చటనే, నెమ్మును నయము చేసిన ఆరియోమైసిన్ ఆయన చేతిమీదుగ వచ్చినది. మందునకు ఆయన, టీకాకు పిదపటివారు. అంతలో ఒక ముచ్చట: గనికూలీల దేహములపై పరీక్షింపబడిన టీకా గనికూలీలకంటె ముందు ధనవంతుల దేశములలోని పింఛనుదారులకు చేరినది.

23 జాతుల టీకాలో క్రిమి పైపూతలోని చక్కెర గొలుసులు మాత్రమే యుండును. మన రక్షణవ్యవస్థలో బి కణములు ఆ గొలుసును తామే గుర్తించి ప్రతిరక్షకములను తయారు చేయును గాని, టి కణముల తోడు లేనందున జ్ఞాపకము నిలువదు. అయిదారేండ్లలో రక్షణ సన్నగిల్లును. 65 ఏండ్లకు ముందు ఈ టీకా వేసికొన్న ఆయాసరోగికి, 65 దాటిన పిదప, కనీసము అయిదేండ్ల ఎడముతో, మరియొకటి వలెననుటకు కారణమిదే. ఆ చక్కెరను ఒక ప్రొటీనుకు అతికించినచో టి కణములు కూడ కదలివచ్చును, జ్ఞాపకము పాదుకొనును. ఆ కిటుకుతో చేసిన 13 జాతుల సంయుక్త టీకాను నెదర్లాండ్స్‌లో 65 దాటిన దాదాపు 85 వేల మందిపై పరీక్షింపగా, ఆ జాతుల వలన వచ్చు నెమ్ములో నూటికి 45 పాళ్లును, రక్తమునకు ప్రాకు తీవ్రరూపములో 75 పాళ్లును తగ్గినట్లు 2015లో ప్రకటించిరి. 13 జాతులది వేసికొన్నవారికి ఏడాది పిదప 23 జాతులది జోడించుట ఒక పద్ధతి. 20 జాతుల సంయుక్త టీకా దొరకినచో ఒక్క సూదితో పని ముగియును, అటుపిమ్మట బూస్టరు మాట లేదు. ఇంటిలో పాత చీటీ దాచుకొనుమని చెప్పుట ఇందుకే: మునుపు ఏది వేసిరో తెలిసిన గాని ఇప్పుడేది వలెనో చెప్పుటకు వీలులేదు.

ఫ్లూ టీకా సంగతి వేరు. అక్కడ మరచునది మన దేహము కాదు, మారునది వైరస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటికి రెండు మారులు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళమునకు, సెప్టెంబరులో దక్షిణార్ధగోళమునకు, రానున్న కాలమున తిరుగాడు రకములను ఊహించి చెప్పును. కావున ఈ సూది ఏటేట వలెను, దానిని బూస్టరనుటకంటె క్రొత్త టీకా యనుటయే నిజము. రకములు బాగుగ సరిపోయిన ఏట నూటికి 40 నుండి 60 పాళ్ల రక్షణ, సరిపోని ఏట అంతకు తక్కువ. మన దేశమున అధికభాగమున ఫ్లూ వానకాలమున, జులై నుండి సెప్టెంబరు దాక, విజృంభించును. చలికాలపు చివర మరియొక చిన్న అల కలదు. కనుక పల్నాటి పెద్దలకు అనువైన అదను మిరప కోతలు ముగిసి, కాయ గుంటూరు యార్డుకు చేరి, చేతిలో నాలుగు డబ్బులాడు ఏప్రిల్, మే నెలలు. అమెరికా బంధువు ఫోనులో చెప్పెనని అక్టోబరు దాక ఆగినచో వానకాలపు అల దాటిపోవును.

వృద్ధాప్యము మరియొక అడ్డంకి. రొమ్ము పైభాగముననుండు థైమస్ గ్రంథి యౌవనమునుండియే క్రుంగుచు వచ్చి, అరువది దాటునప్పటికి చాలవరకు క్రొవ్వుగ మారును. క్రొత్త శత్రువును గుర్తుపట్టగల టి కణములు కొరవడును. టీకా వలన ఎవరికి ఎక్కువ మేలో వారిలోనే అది తక్కువగ పనిచేయుట ఈ శాస్త్రములోని వ్యంగ్యము. అందుకనియే కొన్ని దేశములలో 65 దాటినవారికి నాలుగు రెట్ల పదార్థము గల ఫ్లూ టీకా వేయుచున్నారు.

కోవిడు బూస్టరు అర్హత ఇప్పుడు దేశదేశమునకు వేరుగ నున్నది, నానాటికి ఇరుకగుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2023 మార్చిలో వృద్ధులను, ముఖ్యమైన ఇతర వ్యాధులున్నవారిని మొదటి వరుసలో నిలిపి, ఆరు లేక పండ్రెండు నెలల ఎడముతో మరియొక మోతాదు వేయుమనిరి. బ్రిటనులో మునుపు దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి గలవారికి శరత్కాలపు బూస్టరు ఉచితముగ నుండెడిది. 2025 శరత్తు నుండి 75 ఏండ్లు దాటినవారికి, వృద్ధాశ్రమవాసులకు, రక్షణశక్తి సన్నగిల్లినవారికి మాత్రమే పరిమితము చేసిరి. అమెరికాలో అందుకు భిన్నముగ 2025 ఆగస్టులో 65 దాటినవారికిని, అంతకు లోపలివారిలో ముప్పు తెచ్చు వ్యాధి యొకటైనను గలవారికిని అనుమతి నిలిపిరి. ఆ వ్యాధులలో ఊపిరితిత్తులవి కలవు. ఒకే రోగి, ఒకే ఊపిరి: లండనులోని తెలుగు తాత 68వ ఏట అనర్హుడు, డల్లాసులోని ఆయన తమ్ముడు 63వ ఏట అర్హుడు. శాస్త్రము ఇరువురికి ఒకటే. ఖర్చుకు తగిన ఫలమెంతయను లెక్క వేరు. బ్రిటను ప్రభుత్వము తన ఖజానా నుండి చెల్లించును గనుక ఒక్కొక్క ప్రాణము నిలుపుటకు ఎన్ని సూదులు వేయవలెనని లెక్కించును. పిడుగురాళ్లలో చెల్లించునది ఇంటి పెద్దకొడుకు.

తక్కినవి క్లుప్తముగ. ఆర్ఎస్‌వీ అను వైరస్‌కు 2023లో అమెరికాలో రెండు టీకాలు వచ్చినవి. ఒక్క మోతాదు, ఏటేట వలదు. 75 దాటినవారందరికిని, అంతకు లోపలివారిలో ఊపిరితిత్తుల వ్యాధి వంటి ముప్పు గలవారికిని అక్కడ వేయుచున్నారు. సర్పికి, అనగా మేనిపై ఒక ప్రక్క పట్టీగ లేచి మంటపెట్టు పొక్కులకు, రెండు మోతాదుల టీకా 2023లో మన దేశమునకు వచ్చినది. ఆయాసరోగులకు ఆ బాధ ఎక్కువ గనుక 50 దాటినవారికి చెప్పుచున్నారు గాని, దాని ధర వినిన పిదప సర్పి మంట తక్కువని తోచును.

భయములను గూర్చి రెండు మాటలు. సూదిగ వేయు ఫ్లూ, న్యుమోనియా టీకాలలో ప్రాణముతోనున్న క్రిమి లేదు, కనుక టీకా వలన నెమ్ము రాదు. చేయి నొప్పి, ఒకనాటి ఒళ్లునొప్పులు మామూలు. ఈ రెంటిని ఒకేనాడు చెరియొక భుజమునకు వేయవచ్చును. పీల్చుమందు వాడువారు మానవలసిన పనిలేదు. తీవ్రజ్వరమున్ననాడు ఆగవలెను, మునుపటి మోతాదునకు ఒళ్లంతయు దద్దురులు, ఉక్కిరిబిక్కిరి కలిగియుండిన ముందే చెప్పవలెను.

ప్రభుత్వపు ఉచిత పట్టికలో పెద్దల ఫ్లూ, న్యుమోనియా టీకాలకు చోటు లేదు, వేల రూపాయలు చేతి నుండి పెట్టవలెను. కాని అదే పట్టికలో పసివారికి న్యుమోకాకస్ టీకా కలదు: 2017లో కొన్ని రాష్ట్రములలో మొదలై 2021లో దేశమంతటికి విస్తరించినది, ఆరవ వారమున, పదునాల్గవ వారమున, తొమ్మిదవ నెలలో బూస్టరు, మూడును ఉచితము. ఈ క్రిమి తరచుగ కాపురముండునది పసివారి ముక్కులోనే. అక్కడి నుండియే అది తాతల రొమ్మునకు చేరును. అమెరికాలో 2000లో పిల్లలకు 7 జాతుల టీకా మొదలైన కొన్ని ఏండ్లలోనే, ఆ టీకా వేసికొనని 65 దాటినవారిలో సైతము ఆ 7 జాతుల తీవ్రవ్యాధి బాగుగ తగ్గినది. ఐతే ఖాళీ అయిన ముక్కులలో టీకాకు అందని వేరు జాతులు చేరినవి, పెద్దలకు అవి సోకసాగినవి. 2024లో అమెరికాలో అనుమతి పొందిన 21 జాతుల టీకాను పిల్లలకు గాక పెద్దలకే ఉద్దేశించి, తక్కిన టీకాలలో లేని ఎనిమిది జాతులను అందులో చేర్చుటకు హేతువదియే.